పులికాట్‌లో ఒంటికాలి నిద్ర

చెన్నై నుంచి సూళ్లూరుపేటకు లోకల్ రైలు ఉంది. సంక్రాంతి సెలవులైపోతే జనం పల్చబడతారని జనవరి చివర్లో ఎక్కాను. స్టేషన్ దగ్గర ఆటో మాట్లాడుకుంటే శ్రీహరికోట రోడ్డెక్కడానికి ఎంతో సేపు పట్టదు. ఆ రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే పోతుంది. పాస్ లేకపోతే రాకెట్ కేంద్రంలోకి రానివ్వరు గానీ, పక్షుల కోసం అంతదూరం వెళ్లక్కర్లేదు. అటకానితిప్ప చుట్టుపక్కలే రోడ్డుకి అటూ ఇటూ నీళ్లు, నీళ్లలో ఫ్లెమింగోలు.

ఫొటోల్లో చూసిన గులాబీ రంగు కోసం వెతికితే కనిపించదు. నిలబడి ఉన్నప్పుడు అవి దాదాపు తెల్లగానే ఉంటాయి. రెక్క విప్పినప్పుడే ముదురు గులాబీ, దాని అంచున నలుపు బయటపడతాయి. ఆ రంగు కూడా తిండి పెట్టిందే. నాచులో, చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవుల్లో ఉండే కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు ఈకల్లోకి చేరతాయి. పిల్లలు బూడిదరంగులో ఉంటాయి. అవి ఇక్కడ పుట్టవు, గుజరాత్ కచ్ రణ్‌లాంటి చోట్ల పుడతాయి. ఇక్కడికి వచ్చేది మేతకే. పులికాట్ లోతు తక్కువ కాబట్టి బురదలో నడుస్తూ, ముక్కు తలకిందులుగా పెట్టి నీళ్లు వడకట్టుకుంటాయి.

మేసేవన్నీ రెండు కాళ్ల మీదే ఉన్నాయి. కాస్త ఎడంగా ఉన్న గుంపులో మాత్రం చాలావరకు ఒంటికాలి మీద, మెడ వీపు మీదికి చుట్టేసుకుని ఉన్నాయి. గట్టు మీద వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని అడిగాను, "ఎందుకు తాతా, అన్నీ ఒంటికాలి మీద నిలబడ్డాయి?" అని.

"నిలబడుండేది ఎక్కడ నాయనా, నిద్దరపోతా ఉండాయి," అన్నాడు తల ఎత్తకుండా.

ఈ ప్రశ్న మీద శాస్త్రవేత్తలు చేసిన పనిలో నాకు బాగా నచ్చినది ఆయన మాటకి దగ్గరగానే ఉంటుంది. అమెరికాలోని అట్లాంటాలో యంగ్-హుయి చాంగ్, లీనా టింగ్ అనే ఇద్దరు 2017లో ప్రచురించారు. చచ్చిపోయిన ఫ్లెమింగోని తీసుకుని ఒక కాలి మీద నిలబెట్టి చూస్తే, కండరాలు పనిచేయకపోయినా అది నిలబడిపోయింది! రెండు కాళ్ల భంగిమలో పెడితే ఆ నిలకడ లేదు. పాదం సరిగ్గా ఒంటి బరువు కిందికి వచ్చేలా కాలు లోపలికి వాలితే, పైకీళ్లు ఆ బరువుకే బిగుసుకుంటాయట. బతికున్న పక్షుల్నీ చూశారు. కునుకు తీస్తున్నప్పుడు అవి ఊగడం బాగా తగ్గింది. అంటే మనకి సర్కస్‌లా కనిపించేది వాటికి పెద్దగా శ్రమ లేని విశ్రాంతి.

కాళ్లని బైనాక్యులర్స్‌లో చూస్తే ఇంకో తికమక. మధ్యలో వెనక్కి మడిచినట్టు కనిపించేది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పైన పొట్ట ఈకల్లో దాగి ఉంటుంది. చాంగ్, టింగ్ చెప్పిన బిగింపు అక్కడ జరుగుతుంది కాబట్టి మనకి కనపడదు.

చలి సంగతీ ఉంది. ఫిలడెల్ఫియాలో మాథ్యూ ఆండర్సన్, సారా విలియమ్స్ జూలోని ఫ్లెమింగోల్ని గమనించారు. చల్లగా ఉన్నప్పుడు, నేల మీద కన్నా నీళ్లలో ఉన్నప్పుడు ఒంటికాలు ఎక్కువ. ఈకల్లేని కాళ్ల నుంచి వేడి ఇట్టే పోతుంది కాబట్టి ఒకటి లోపల దాచుకోవడం సబబే. శత్రువు వస్తే చప్పున పారిపోవడానికే అలా ఉంటాయనే మాట మాత్రం వాళ్ల లెక్కలో నిలవలేదు. ఒంటికాలి మీదున్న పక్షి కదలడానికి ఎక్కువ సేపు తీసుకుంది. నన్నడిగితే చలి ఒక్కటే కారణం కాదు. ఎండ చురుక్కుమంటున్నా మా ముందున్న గుంపు కాలు దించలేదు. రెండు కారణాలూ కలిసి ఉండకూడదని ఏమీ లేదు కదా.

తర్వాత దొరవారిసత్రం పక్కన నేలపట్టుకి వెళ్లాం. నీటి కడప చెట్ల మీద గూడబాతుల గూళ్లు, ముక్కు పగిలే వాసన, చెవులు చిల్లులు పడే గోల. అక్కడ ఎవరికీ నిద్ర పట్టదు. మీరు వెళ్తే పండగ రోజుల్లో కాకుండా, పొద్దున్నే సరస్సు దగ్గరికి, సాయంత్రం నేలపట్టుకి పెట్టుకోండి. సరస్సు రోడ్డు మీద నీడ లేదు, నీళ్ల సీసా, టోపీ మర్చిపోకండి.