ఇంట్లో తెలుగులో చెప్పుకున్న నిరూపణలు

మేము నెల్లూరు నుంచి చెన్నైకి వచ్చి పన్నెండేళ్లయింది. బడిలో ఇంగ్లీషు, వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగిన మా అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. లెక్కకు జవాబు రాబట్టడంలో ఏనాడూ తడబడని పిల్ల, గణిత ఒలింపియాడ్ పాత ప్రశ్నపత్రం ముందు కూర్చున్న రోజున మాత్రం ‘నిరూపించండి’ అన్న మాట దగ్గరే ఆగిపోయింది. “నిరూపించాల్సింది వాళ్లే చెప్పేశారు కదమ్మా, ఇంక నేను చెయ్యాల్సిందేముంది?” అని అడిగింది.

రెండు బేసి సంఖ్యల మొత్తం సరి సంఖ్య అవుతుందని నిరూపించమంటే, 3, 5 కలిపితే 8; 7, 9 కలిపితే 16 అని నాలుగైదు ఉదాహరణలు రాసి పుస్తకం మూసింది. ఉదాహరణలు ఎందుకు చాలవో చెప్పడానికి, 1772లో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ ప్రస్తావించిన ఒక వరుసను తన ముందు పెట్టాను. ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యనూ 41నీ కలపాలి. సున్నాతో మొదలుపెడితే 41, 43, 47, 53, 61 అంటూ అన్నీ ప్రధాన సంఖ్యలే వస్తాయి. పది వరకు చేసి, ఎప్పుడూ ఇంతేనని తేల్చేసింది. 39 వరకు నిజంగానే అంతే. 40 దగ్గర మాత్రం 1681 వస్తుంది, అది 41ని 41తో గుణించగా వచ్చేది. ఆ రాత్రి తను చాలాసేపు ఆ కాగితాన్నే చూస్తూ కూర్చుంది.

బేసి సంఖ్యల నిరూపణకు దారి చూపింది తమిళం. తమిళంలో సరి సంఖ్యను ‘ఇరట్టై’ అన్న మాటతోనూ, బేసి సంఖ్యను ‘ఒట్రై’ అన్న మాటతోనూ చెబుతారు; ఒకటి జతను, రెండోది ఒంటరిదాన్ని సూచిస్తుంది. మేడ మీది స్నేహితురాలితో ఆడుకుంటూ నేర్చిన ఆ మాటలు తలచుకుని, బేసి సంఖ్య అంటే జతలన్నీ కట్టాక ఒకటి మిగిలేదని తనే చెప్పింది. అలాంటివి రెండు కలిస్తే మిగిలిపోయిన ఆ రెండూ ఒక జత అవుతాయని కూడా తనే గ్రహించింది. ఇంట్లో తెలుగే మాట్లాడాలని నేను పట్టుబట్టిన సంవత్సరాల్లో, తమిళం తనకు ఇంత చేయగలదని ఊహించలేదు.

దాన్ని కాగితం మీద పెట్టబోయి, రెండు సంఖ్యలనూ ‘2ఎన్ + 1’ అనే, అంటే ఎన్ జతలూ మిగిలిన ఒకటీ అనే, రాసింది. మొదలుపెట్టిన వాళ్లు తరచూ చేసే పొరపాటే ఇది: ఒకే అక్షరం వాడితే, ఒక బేసి సంఖ్యను దానికే కలిపినప్పటి సంగతి మాత్రమే తేలుతుంది. ఇక్కడ తెలుగు అక్కరకొచ్చింది. ‘ఏదో ఒక సంఖ్య’ అన్నదీ, ‘ఏ సంఖ్య అయినా’ అన్నదీ మనకు వేర్వేరు మాటలు. ఇంగ్లీషులో ‘ఎనీ’ అన్న ఒక్క మాటే సందర్భాన్ని బట్టి రెండు పనులూ చేస్తుంది కాబట్టి, చదువరి తడబడే అవకాశం ఎక్కువ. “ఏ రెండు బేసి సంఖ్యలు తీసుకున్నా” అని పైకి అనగానే, రెండో దానికి వేరే అక్షరం కావాలని తనకు తట్టింది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. నేను తెలుగు మాధ్యమంలో జ్యామితి నేర్చుకున్నప్పటి శీర్షికలతోనే, ఇచ్చినదాన్ని దత్తాంశమనీ, చూపాల్సినదాన్ని సారాంశమనీ, నడుమ దారిని ఉపపత్తి అనీ విడదీసి, ముందుగా తను నాకు నోటితో చెబుతుంది. ‘కాబట్టి’ అన్న ప్రతిచోటా ఎందుకని అడగడమే నా పని. ఆ తరువాతే ఇంగ్లీషులో రాస్తుంది.

మొన్న 2 యొక్క వర్గమూలం కరణీయ సంఖ్య, అంటే రెండు పూర్ణ సంఖ్యల భిన్నంగా రాయలేనిది, అన్న నిరూపణ చదువుతూ, వర్గం సరి అయితే అసలు సంఖ్య కూడా సరే అవుతుందన్న వాక్యం దగ్గర నేను అడగకముందే ఆగింది. “ఇది ఎందుకు నిజమో ఇక్కడ రాయలేదమ్మా” అంటూ వేరే కాగితం తీసుకుని, అసలు సంఖ్య బేసి అయితే ఏమవుతుందో చూద్దామని, పైన ‘2ఎన్ + 1’ అని రాసి, దాని వర్గం కట్టడం మొదలుపెట్టింది.