నూనె లీటరా, కిలోనా?

మా తిరుపతిలో గానుగ ఆడించిన వేరుశనగ నూనెను ఒకచోట కిలో లెక్కన, ఇంకోచోట లీటరు లెక్కన అమ్ముతారు. రెండూ ఒకటే అనుకుని ధరలు పోల్చేవాళ్లను చూస్తే నాకు ఊరుకోబుద్ధి కాదు. లీటరు నూనె తూగేది సుమారు 910 గ్రాములే. ప్యాకెట్ మీద చూడండి, లీటరు పక్కనే గ్రాములు కూడా వేసి ఉంటాయి. అంటే కిలో కొన్నవాళ్లకు దాదాపు 1.1 లీటర్లు వచ్చినట్టు. పైగా మన మే నెల ఎండకు నూనె కాస్త వ్యాకోచిస్తుంది. కొలత మారుతుంది గానీ బరువు మారదు.

మొన్న పెళ్లి సారెకు మా పిన్నితో కలిసి మైసూరుపాక్ చేశాను. కాటా మీద గిన్నె పెట్టి, సున్నా చేసి, కరిగించిన నెయ్యిని నేరుగా అందులోకే వంచాను. 200 మి.లీ. కావాలి, అంటే సుమారు 180 గ్రాములు. "ఏమ్మే, నెయ్యిని కూడా తూస్తారా?" అంది పిన్ని. గ్లాసు అంచులకు అంటుకుని నెయ్యి చుక్క కూడా వృథా కాకపోవడం చూశాక రెండో వాయికి కాటా తనే దగ్గరికి లాక్కుంది. ఎంత సంతోషమేసిందో!

లెక్క తేలికే. మిల్లీలీటర్లను సాంద్రతతో గుణిస్తే గ్రాములు వస్తాయి. నూనెకు, నెయ్యికి 0.91, పాలకు 1.03 వేసుకోండి. తేనె మాత్రం బాగా బరువు, 100 మి.లీ. దాదాపు 140 గ్రాములు తూగుతుంది. తేనెను గ్లాసుతో కొలవకండి, సగం గ్లాసుకే అంటుకుంటుంది. నీళ్లకైతే గుణించే పనే లేదు.