కార్సన్ సిటీలో వెండి డాలర్ల వేట

శాక్రమెంటో నుంచి యాభయ్యో నంబరు హైవే పట్టుకుని సియెర్రా నెవాడా కొండలెక్కితే, ఎకో సమ్మిట్ దాటాక కింద టాహో సరస్సు కనిపిస్తుంది. ఎవరైనా అక్కడ కాసేపు ఆగుతారు. మా బావ మాత్రం కారు దిగనివ్వలేదు. "సరస్సు ఎక్కడికీ పోదు. సాయంత్రమైతే మ్యూజియం మూసేస్తారు, పద" అన్నాడు. ఆయనకి పాత నాణేల పిచ్చి. మా అక్క ఆ పిచ్చిని ఎప్పుడో భరించడం మానేసింది కాబట్టి తోడుకి నేను దొరికాను.

కొండ దిగితే నెవాడా రాజధాని కార్సన్ సిటీ. రాజధాని అంటే ఏదో ఊహించుకుంటాం గానీ, మన దగ్గర ఓ మోస్తరు మున్సిపాలిటీ కన్నా ప్రశాంతంగా ఉంది. మెయిన్ రోడ్డు మీదే పాత టంకశాల ఉంది. పక్కనున్న జైలు క్వారీలోంచి తెచ్చిన ఇసుకరాయితో కట్టారు. 1859లో ఇక్కడికి దగ్గర్లోని వర్జీనియా సిటీ కొండల్లో కామ్‌స్టాక్ వెండి గని బయటపడింది. అంత వెండిని కొండలు దాటించి శాన్ ఫ్రాన్సిస్కోకి మోయడం ఎందుకని ఇక్కడే నాణేలు కొట్టారు. 1870లో మొదలై, మధ్యలో కొన్నేళ్లు ఆగి, 1893తో నాణేలు కొట్టడం ముగిసింది. ఇప్పుడది నెవాడా స్టేట్ మ్యూజియం.

లోపల నన్ను కట్టిపడేసింది నాణేల కన్నా ముందు వాటిని కొట్టిన యంత్రం, ఒకటో నంబరు ప్రెస్. ఆరు టన్నుల ఇనుము, ఫిలడెల్ఫియాలో తయారైంది. 1878లో దాని కమాను పగిలితే స్థానిక రైల్వే వర్క్‌షాపు వాళ్లు బాగుచేశారు. చేసినవాళ్లు ఊరుకున్నారా, అసలు కంపెనీ ఇత్తడి పలక పీకేసి తమ రైల్వే పేరున్న పలక బిగించేశారు. అది ఇప్పటికీ అలాగే ఉంది. 1964లో దేశంలో చిల్లర కొరత వచ్చినప్పుడు డెన్వర్ టంకశాల ఈ ముసలి యంత్రాన్నే తీసుకెళ్లి పని చేయించుకుంది. మేం వెళ్లిన రోజు దాన్ని నడుపుతున్నారు. ఓ పెద్దాయన నున్నటి వెండి బిళ్ళ పెట్టి మీట లాగాడు. ధన్‌మని ఒక్క దెబ్బ. కాళ్ల కింద నేల అదిరింది. బయటికొచ్చిన పతకం గోరువెచ్చగా ఉంది.

పక్క గదిలో అద్దాల వెనక మోర్గాన్ డాలర్లనే పాత వెండి డాలర్లున్నాయి. ముందు స్వేచ్ఛాదేవత లిబర్టీ ముఖం, వెనక రెక్కలు చాచిన డేగ. పుష్పమాల ముడి కింద, డాలర్ అన్న మాటకి పైన, రెండు చిన్న 'సీ'లు. అదే కార్సన్ సిటీ గుర్తు. ఒక్కోటి 26.73 గ్రాములు, తొంభై శాతం వెండి. మన పాత వెండి రూపాయికి రెండింతలు దాటిన బరువు.

"వీటిలో ఏది ఖరీదు, చెప్పు?" అన్నాడు బావ. తక్కువ కొట్టినదే ఖరీదు అనుకుంటాం కదా. 1881లో ఇక్కడ 2,96,000 డాలర్లు కొట్టారు, 1889లో 3,50,000. అయినా ఖరీదైనది 1889ది. మెరుపు చెడకుండా మిగిలిన ఒకటి 2013 వేలంలో 8,81,250 డాలర్లు పలికింది. ఎందుకంటే 1881వి సగానికి సగం సంచుల్లోనే, ఎవరి చేతిలోనూ పడకుండా ట్రెజరీ ఖజానాలో ఉండిపోయాయి. 1964లో పాత నోట్లకి బదులుగా వెండి డాలర్లివ్వడం ఆపేసి లెక్క చూస్తే దాదాపు ముప్పై లక్షలు మిగిలి ఉన్నాయి, ఎక్కువ భాగం కార్సన్ సిటీవే. 1972 నుంచి వాటిని ప్రభుత్వమే పోస్టులో అమ్మింది. ఆ గుట్టలో 1889 కార్సన్ సిటీ డాలరు దొరికింది ఒకే ఒక్కటి.

మిగతావి ఏమయ్యాయంటే కథ మన దేశం దాకా వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మనవాళ్లు కాగితం నోట్లు నమ్మలేదు, వెండి రూపాయలే కావాలని పట్టుబట్టారు. బ్రిటిష్ ప్రభుత్వం దగ్గర వెండి లేదు. అప్పుడు అమెరికా 1918లో పిట్‌మన్ చట్టం చేసి 27 కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించింది. అందులో దాదాపు 26 కోట్ల డాలర్ల వెండి ఇండియాలో రూపాయల కోసం బ్రిటన్‌కి అమ్మారు. కరిగినవి ఏ ఏటివో, ఏ టంకశాలవో చిట్టా రాసుకోలేదు. మన ఊళ్లలో పాత పెట్టెల్లో దొరికే ఐదో జార్జి రూపాయి బిళ్ళల్లో ఈ డాలర్ల వెండి కొంతైనా ఉండే ఉంటుంది. అమెరికాలో నాణెం అరుదు కావడానికి మన తాతల మొండిపట్టు కూడా ఓ కారణమని తెలిశాక, ఆ అద్దాల ముందు నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

దీన్ని మించినది 1873 కార్సన్ సిటీ డైమ్, అంటే పది సెంట్ల బిళ్ళ. ఆ ఏడాది వచ్చిన చట్టం దాని బరువు కొద్దిగా మార్చింది. కొత్త బరువు వాటికి తేదీకి రెండు వైపులా బాణాలు గీశారు. బాణాల్లేని పాతవాటిని కరిగించేశారు. తెలిసినంతలో ఒక్కటే మిగిలింది. 2023లో 36 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.

తర్వాత ఓ నాణేల దుకాణానికి వెళ్లాం. యజమాని భూతద్దం నా చేతికిచ్చి 1889 డాలరు ఒకటి చూపించాడు. 'సీ' అక్షరాల చుట్టూ సన్నటి గీత, రంగులో చిన్న తేడా. ఫిలడెల్ఫియా డాలరు మీద ఎవరో అక్షరాలు అతికించారట. జనాన్ని జాగ్రత్త పడమనడానికే అట్టిపెట్టుకున్నాడు. బావ అలాంటి సాహసాలకి పోకుండా, ప్రభుత్వం అమ్మినప్పటి ప్లాస్టిక్ పెట్టెలోనే ఉన్న 1884 డాలరు కొన్నాడు. మూడొందల చిల్లర డాలర్లు. నేను వెండి ధరకి కాస్త అటూఇటూగా 1921 ఫిలడెల్ఫియా డాలరు తీసుకున్నాను. అవి నాలుగున్నర కోట్ల దాకా కొట్టారు, నా జేబుకి అదే చాలు.

నాదాని అంచున నల్లటి మరక చూసి, తుడిస్తే పోతుందా అనడిగాను. దుకాణదారు రెండు చేతులూ ఎత్తి వద్దన్నాడు. తోమిన నాణెం విలువ అక్కడే సగం పోతుందట. బావ అప్పటికే ఫోన్‌లో అక్కతో మాట్లాడుతున్నాడు: "నేను కొన్నది పూజ గదిలో పెడితే పెట్టు గానీ, దండం పెడతా, విభూతితో మాత్రం తోమకు."