హెచ్ఐవీ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు టీకా ఆలస్యం కాకూడదు

హెచ్ఐవీతో జీవిస్తున్న తల్లికి బిడ్డ పుట్టగానే ఇంటిల్లిపాదినీ వేధించే ప్రశ్న ఒక్కటే: బిడ్డకు సోకిందా, లేదా? సోకలేదని తేలితే అందరి మనసూ కుదుటపడుతుంది. అయితే వైరస్ సోకకపోయినా దాని నీడలో తొమ్మిది నెలలు పెరిగిన ఈ పిల్లలకు టీకాలు ఎంత అవసరమో మనం తగినంతగా మాట్లాడుకోవడం లేదని నా ఆవేదన.

గర్భం చివరి మూడు నెలల్లో తల్లి రక్తంలోని యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు ఎక్కువగా చేరతాయి. పుట్టిన తొలి నెలల్లో బిడ్డను కాపాడేవి అవే. తల్లికి హెచ్ఐవీ ఉంటే ఈ బదిలీ తగ్గుతుంది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగర శివారు ఖయేలిత్షాలో జరిపి 2011లో ‘జామా’ వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతిని స్పష్టంగా చూపింది. వైరస్ సోకని ఈ శిశువుల్లో కోరింత దగ్గు, ధనుర్వాతం, న్యుమోనియా, మెదడువాపు వంటివి తెచ్చే న్యూమోకాకస్, హిబ్ బ్యాక్టీరియాలను ఎదుర్కొనే యాంటీబాడీలు పుట్టుకతోనే తక్కువగా కనిపించాయి.

నాకు అంతకన్నా ముఖ్యమనిపించింది దాని రెండో భాగం. టీకాలు వేశాక ఆ పిల్లలు వెనుకబడలేదు. కోరింత దగ్గు, న్యూమోకాకస్ విషయంలో మిగతా పిల్లలకంటే ఎక్కువగానే స్పందించారు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు టీకా ప్రభావాన్ని కొంత అణచివేస్తాయి కనుక, అవి తక్కువగా ఉన్నచోట టీకా బాగా పనిచేయడానికి అవకాశం ఉంటుంది. అంటే ఈ బిడ్డలకు ప్రమాదకాలం పుట్టుకకూ టీకాకూ మధ్యనున్న ఆ కొద్ది వారాలే. 6, 10, 14 వారాల టీకాల్లో ఏది వాయిదా పడినా ఆ కాలం పెరుగుతుంది.

తట్టు విషయంలోనూ తల్లి ఇచ్చిన రక్షణ త్వరగా తరిగిపోతుంది. అందుకే ఇలాంటి శిశువులకు 6వ నెలలోనే అదనపు మోతాదు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. 9వ నెల నుంచి వేయవలసినవి యథాతథంగా వేయాలి. క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా సంగతి వేరు. అందులో ఉండేది బతికున్న బ్యాక్టీరియా కనుక, హెచ్ఐవీ సోకి చికిత్స అందని బిడ్డలో అదే జబ్బుగా మారవచ్చు.

దేశంలో హెచ్ఐవీ వ్యాప్తి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి కాబట్టి ఇది మనకు దూరపు విషయం కాదు. తల్లి యాంటీబాడీలు బిడ్డలో 18 నెలల దాకా ఉండవచ్చు కనుక యాంటీబాడీలనే వెతికే మామూలు హెచ్ఐవీ పరీక్ష తప్పుదోవ పట్టిస్తుంది. అందుకే 6వ వారంలో మడమ నుంచి నాలుగైదు రక్తపు చుక్కలు తీసి, వడపోత కాగితం మీద ఆరబెట్టి వైరస్ జన్యుపదార్థాన్నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్షకు పంపుతారు. అదే వారంలో తొడకు ఐదు జబ్బులను అడ్డుకునే పెంటావాలెంట్ సూది, నోట్లో రోటావైరస్ చుక్కలు కూడా పడాలి. కానీ రక్తపరీక్ష ఒక చోట, టీకా మరో చోట అయితే, ఊళ్లో తెలిసినవాళ్ల కంట పడతామన్న భయంతో కొందరు తల్లులు రెండోదాన్ని వాయిదా వేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం. హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందుల కోసం తల్లి వచ్చిన రోజే అక్కడి కౌన్సెలర్ టీకాల కార్డు అడిగి చూసి, మిగిలినదాన్ని ఆ ఆసుపత్రిలోనే ఆ పూటే వేయించే ఏర్పాటు ప్రతి కేంద్రంలోనూ ఉండాలని గట్టిగా కోరుతున్నాను.