కాశీయాత్రను ఫోనులో చదివిన వేసవి

చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒకరి మాట మరొకరికి వేరే భాషలో చెప్పే ఉద్యోగిగా, పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. దారిలో చూసినవన్నీ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసి పంపగా, ఆ రాతలే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. ఈ పుస్తకం పేరు ఎన్నోసార్లు విన్నాను గాని, అచ్చు ప్రతి ఏనాడూ నా కంటపడలేదు. నిరుడు వేసవిలో పైసా ఖర్చు లేకుండా దాన్ని ఫోనులోనే చదివాను.

డబ్బు పెట్టనక్కర్లేదు గాని ఓపిక మాత్రం కావాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు ఉచిత సైటైన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేల సంఖ్యలో ఉన్నాయి. వాటి పేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి. దీర్ఘానికి ఒకచోట ఒక ‘ఎ’ రాస్తే మరోచోట రెండు రాస్తారు, సున్నాకు ఒకచోట ‘ఎమ్’ ఉంటే ఇంకోచోట ‘ఎన్’ ఉంటుంది. తెలుగులో టైపు చేస్తే రాని పుస్తకం, ఇంగ్లీషులో మూడో రకం స్పెల్లింగుతో వెతికితే వచ్చి కూర్చుంటుంది. పేరుతో దొరక్కపోతే రచయిత ఇంటిపేరుతో, అదీ కాకపోతే ప్రచురణకర్త పేరుతో వెతకడం నాకు అలవాటైంది. దించుకునే ముందు మధ్యమధ్య పేజీల అంకెలు కూడా సరిచూస్తాను. ఎందుకంటే ఒకసారి ఒక నవల రెండు వందల పేజీలు చదివాక, ఆ స్కానులో పదహారు పేజీల ఫారం (ఒకే కాగితం మీద అచ్చేసి మడతపెట్టే పేజీల కట్ట) ఒకటి అసలు లేనేలేదని తెలిసింది.

స్కాన్ పీడీఎఫ్‌ను ఫోనులో చదవడం కంటికి శిక్షే. పేజీని పెద్దది చేస్తే వాక్యం తెర దాటిపోతుంది, చిన్నది చేస్తే వత్తులు కనిపించవు. అందుకే నేను, ఉచిత పుస్తకాల సైటైన తెలుగు వికీసోర్స్‌కు మళ్లాను. అక్కడ ఒకపక్క స్కాన్ బొమ్మ, మరోపక్క టైపు పాఠం ఉంటాయి. ఔత్సాహికులు రెంటినీ పోల్చి దిద్దుతారు. ఒకసారి దిద్దిన పేజీకి పసుపు రంగు, రెండో మనిషి కూడా చూసి సరేనన్న పేజీకి ఆకుపచ్చ రంగు ఉంటాయి. పుస్తకం మొత్తాన్ని ఫోనులో చదివే ఫైలైన ఈపబ్‌గా దించుకుంటే అక్షరాన్ని మనకు కావలసినంత పెద్దది చేసుకోవచ్చు. స్కాన్ బొమ్మ చూసి యంత్రం గుర్తించిన, ఇంకా ఎవరూ దిద్దని పాఠంలో అరసున్నలు ఎగిరిపోవడం, ‘మ’ కాస్తా ‘య’ కావడం మామూలే. ‘యజిలీ’ అన్న మాట చూసి అదేదో పాత ఉరుదూ పదం కాబోలని నిఘంటువు వెతికి, తీరా స్కాన్ చూస్తే అది ‘మజిలీ’! ఆ ఒక్క అక్షరం దిద్దడానికి ఒక నిమిషం పట్టింది, దాని అర్థం కోసం అరగంట వృథా చేశాను. నిజంగానే తెలియని మాటలకు మాత్రం ఆంధ్రభారతి నిఘంటువును మించిన తోడు లేదు, ఎన్నో నిఘంటువుల అర్థాలు ఒకేచోట చూపిస్తుంది.

ఇక చదవడమంటారా, ఈ పుస్తకం ఇంత హాయిగా సాగుతుందని అనుకోలేదు. ఏ ఊరు ఎంత దూరమో, అంగళ్లున్నాయో లేవో, నీళ్లెలాంటివో, దిగడానికి చోటు దొరుకుతుందో లేదో వీరాస్వామయ్య ఓపిగ్గా రాసుకుంటూ పోతారు. నేను పక్కనే ఫోనులో మ్యాపు తెరిచి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపురం అంటూ ఆయన పల్లకీ వెనకాలే నడిచాను.

ఉచితమంటే దొంగతనమేమోనని మా అన్నయ్య అనుమానపడ్డాడు. మన కాపీరైటు చట్టం ప్రకారం, రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి లెక్కపెట్టి 60 ఏళ్లు నిండితే రచన అందరిదీ అవుతుంది. 1958లో పోయిన ఉన్నవ లక్ష్మీనారాయణ రచనలు 2019 నుంచి, 1961లో పోయిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలు 2022 నుంచి అలా స్వేచ్ఛగా దొరుకుతున్నాయి. మూలం పాతదైనా కొత్త సంపాదకుడు రాసిన పీఠికకూ వివరణలకూ హక్కు విడిగా ఉంటుందన్నది చాలామంది మరిచిపోయే సంగతి. నెట్‌లో కనిపించిన ప్రతి పీడీఎఫ్ ఈ లెక్కలోకి రాదని కూడా అన్నయ్యకు చెప్పాను. బుచ్చిబాబు 1967లో పోయారు గనుక 2028 జనవరి 1 దాకా ఆయన పుస్తకాలు కొనుక్కునే చదవాలి. నా దగ్గరున్న ఆయన పుస్తకానికి అట్ట ఊడిపోయింది, కొత్తది తెప్పించుకోవాలి.