ముందు గొయ్యి చూసి రండి

మా అమ్మకు ఎనభై దగ్గర పడుతోంది. పొద్దున్నే బాల్కనీలో తులసి మొక్కకి నీళ్లు పోసి, పిట్టగోడ మీదుగా కిందికి తొంగిచూసి, "ఇవాళ ఇంకో మెట్టు దిగారు నాయనా" అంటుంది. మా బాల్కనీ అవతల ఉన్నది నాలుగు సెల్లార్ల గొయ్యి. పైన 38 అంతస్తులు వస్తాయట. అమ్మకి మాత్రం అది అపార్ట్‌మెంటులా కాదు, బావిలా కనిపిస్తుంది. మాది అద్దంకి దగ్గర పల్లెటూరు. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో ఇంటి వెనక బావి తవ్వించారు, నీళ్లు పడే దాకా ఊరంతా వచ్చి చూసిపోయేవాళ్లట.

"ఇంత లోతు తవ్వితే మనూళ్లో నీళ్లు పడేవి."

"ఇక్కడా పడ్డాయమ్మా. మోటార్లు పెట్టి తోడేస్తున్నారు."

"ఎక్కడికి?"

"రోడ్డు మీదికి."

ఆ మాటకి ఆవిడ నావైపు చూసిన చూపు మీరు చూడాల్సింది. నేనే తోడిపోసినట్టు.

నా పని గురించి ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. హోమ్‌లోన్ ఇచ్చే ముందు బ్యాంకువాళ్లు ఒక మనిషిని పంపిస్తారు కదా, టేపు పట్టుకుని గదులు కొలిచి, నాలుగు ఫోటోలు తీసి, ఎన్నో శ్లాబు దాకా వచ్చిందో రాసిచ్చే మనిషిని? ఆ మనిషిని నేను. 19 ఏళ్లుగా ఇదే. మొదట్లో మియాపూర్, నిజాంపేట. తర్వాత మణికొండ. ఇప్పుడు తెల్లాపూర్, కొల్లూరు, నార్సింగి, కోకాపేట. హైదరాబాదు ఎటు జరిగితే నా బండి అటు.

పుప్పాలగూడలో ఈ ఫ్లాటు 2010లో కొన్నాం. ఓఆర్ఆర్‌లో, అంటే ఔటర్ రింగ్ రోడ్డులో, గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వెళ్లే ముక్క అంతకు రెండేళ్ల ముందే, 2008లో తెరిచారు. అయినా అప్పట్లో ఆటోవాడు "అంత దూరం రాను సార్, ఖాళీగా తిరిగి రావాలి" అనేవాడు. 600 గజాల స్థలం, ఐదంతస్తులు, అంతస్తుకు రెండు ఫ్లాట్లు. అంటే ఒక్కొక్కరికి 60 గజాల భూమి వాటా. ఇంటి వెనక పెద్ద నల్లరాతి గుండు ఒకటి ఉండేది, దాని మీద ఇంకో చిన్న గుండు తల పెట్టుకుని పడుకున్నట్టు. పిల్లలు తాబేలు గుండు అనేవాళ్లు. సంక్రాంతికి గాలిపటాలన్నీ దాని మీద నుంచే. ఈ దక్కను రాయి వయసు రెండున్నర వందల కోట్ల ఏళ్లు అని ఎక్కడో చదివి మా అబ్బాయికి చెప్తే, "మరి దానికి ఓనర్ ఎవరు నాన్నా?" అన్నాడు. ఉన్నాడని మూడేళ్ల క్రితం తెలిసింది.

మా గేటు ముందున్నది 30 అడుగుల వీధి. వెనక గొయ్యి తవ్విన స్థలం ముఖం మాత్రం అటువైపు వంద అడుగుల రోడ్డుకి ఉంది. కథంతా అక్కడే ఉంది. మిగతా పెద్ద నగరాల్లో ఎకరానికి ఇంత అడుగులే కట్టాలని ఎఫ్‌ఎస్‌ఐ లెక్క ఒకటి ఉంటుంది. హైదరాబాదులో 2006లో వచ్చిన జీఓ 86 ఆ పరిమితిని ఎత్తేసింది. అప్పటి నుంచి ఎంత ఎత్తు కట్టొచ్చన్నది ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ, ఫైర్ వాళ్ల అనుమతి, విమానాశ్రయం వాళ్ల అనుమతి తేలుస్తాయి. మా ఐదంతస్తులూ, వాళ్ల 38 అంతస్తులూ వీపులానించి నిలబడటానికి కారణం, మేము గల్లీ వైపు తిరిగి ఉన్నాం, వాళ్లు మెయిన్ రోడ్డు వైపు తిరిగి ఉన్నారు. అంతే తేడా.

పైకి ఎందుకు పోతున్నారని చాలామంది నన్ను అడుగుతారు. 2023 ఆగస్టులో హెచ్ఎండీఏ (హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ) కోకాపేటలో వేలం వేస్తే ఒక ప్లాటు ఎకరం 100 కోట్ల 75 లక్షలకి పోయింది. ఎకరానికి 4,840 గజాలు. ఆ రాత్రి క్యాలిక్యులేటర్ తీసి కొట్టాను, గజం రెండు లక్షల ఎనిమిది వేలు. అలాంటి చోట ఫ్లాటుకి నాలాగా 60 గజాల వాటా ఇస్తే ఒట్టి మట్టి ఖరీదే కోటీ పాతిక లక్షలు. ఎవరు కొంటారు? అందుకని ఎకరంలో నూట యాభై ఫ్లాట్లు, ఒక్కో ఫ్లాటుకి ముప్పై గజాల చిల్లర. భూమి ఖరీదు పెరిగేకొద్దీ కొనేవాడికి వచ్చే భూమి తగ్గుతుంది. బ్రోచర్లలో గండిపేట చెరువు కనపడే బాల్కనీ ఫోటో పేజీ నిండా వేస్తారు, ఈ వాటా సంగతి చివరి పేజీలో చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

నేను బిల్డర్లకి వ్యతిరేకిని కాను. నా పిల్లల ఫీజులు ఆ శ్లాబుల మీదనుంచే వచ్చాయి. నా బాధల్లా ఒకటే. కొనేవాళ్లంతా పైకే చూస్తారు. మోడల్ ఫ్లాట్ చూస్తారు. అందులో గదులకి తలుపులుండవు, మంచం మామూలు మంచం కంటే అరడుగు పొట్టిగా చేయించి ఉంటుంది (ఒకసారి టేపు పెట్టి చూశాను, సేల్స్ అమ్మాయి నవ్వేసింది). ఏసీ చల్లగా ఉంటుంది, కాఫీ ఇస్తారు. అక్కడి నుంచి వంద అడుగులు నడిచి గొయ్యి ఎలా ఉందో చూసి వచ్చినవాళ్లు ఈ 19 ఏళ్లలో నాకు పదిమంది కూడా తగల్లేదు. బిల్డర్ దగ్గర డబ్బుందా లేదా, పక్కింటివాడంటే లక్ష్యముందా లేదా, నీళ్లు ఎటు పోతాయి, అన్నీ గొయ్యి దశలోనే కనపడతాయి. శ్లాబులు లేచాక అంతా రంగూ హంగూనే.

మా పిన్ని కొడుకు 2021లో కొల్లూరు వైపు ప్రీలాంచ్‌లో కొన్నాడు. అప్పటికి రెరా (ప్రాజెక్టుల్ని నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) నంబరు లేదు, అనుమతి లేదు, భూమిలో వాటా పేరుతో మొత్తం డబ్బు ఒకేసారి కట్టించుకున్నారు. 38 లక్షలు. మార్కెట్ రేటులో సగం అని సంబరం. రెరా నంబరు లేకుండా అమ్మడమే తప్పురా అంటే, "అన్నయ్యా, నువ్వు ప్రతిదానికీ భయపెడతావు" అన్నాడు. పోయిన నెల వాడిని బండెక్కించుకుని తీసుకెళ్లాను. రేకుల ప్రహరీకి కన్నం ఉంటే అందులోంచి చూశాం. గోతి నిండా పచ్చటి నీళ్లు, గుర్రపుడెక్క, ఒక మూల తుప్పుపట్టిన కడ్డీలు. కొంగలు వాలుతున్నాయి. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కనీసం లేక్ వ్యూ అయితే ఇచ్చారు" అన్నాడు. ఇద్దరం నవ్వాం గానీ, వాడు నెలనెలా పర్సనల్ లోన్ ఈఎంఐ కడుతున్నాడు.

మా వెనక గొయ్యి అలాంటిది కాదు. డబ్బున్న గొయ్యి. అనుమతులన్నీ ఉన్నాయి, రెరా నంబరు బోర్డు మీద పెద్దగా రాశారు. అయినా మమ్మల్ని ఏడిపించింది.

తాబేలు గుండుని పగలగొట్టడానికి నాలుగు నెలలు పట్టింది. ఇళ్లకి ఆనుకుని ఉన్న వైపు రాతిలో వరసగా రంధ్రాలు వేసి, సాయంత్రం ఒక పొడిని నీళ్లలో కలిపి పోసేవాళ్లు. రాత్రంతా అది లోపల ఉబ్బుతుంది. తెల్లారేసరికి ఇంటంత రాయి చప్పుడు లేకుండా పుచ్చకాయలా విచ్చుకుని ఉండేది. ఆ పద్ధతి మంచిదే. కానీ గడువు దగ్గరపడ్డట్టుంది, ఎండాకాలంలో గోతి మధ్యలో మందు పెట్టి పేల్చడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం రెండింటికి సైరన్, ఇసుక బస్తాలు, రబ్బరు మ్యాట్లు, తర్వాత కాళ్ల కింద ఒక చిన్న కుదుపు. అమ్మ ప్లేట్లు స్టీలు బుట్టలోంచి తీసి కింద పెట్టేది. మే నెలలో మా బోరు ఎండిపోయింది. అవతల గోతిలోంచి తోడిన నీళ్లు మా వీధి చివర పారుతుంటే, మేము ట్యాంకర్ కోసం ఫోన్లు. ఆ నెల పది ఫ్లాట్లకి నలభై ట్యాంకర్లు.

జూన్ మొదట్లో వంటింటి గోడ మీద గీత కనపడింది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా, స్టవ్ వెనక్కి. నాకు పగుళ్లు కొత్త కాదు. ప్లాస్టరింగ్ పగులు వెంట్రుకలా అటూ ఇటూ తిరుగుతుంది, కంగారక్కర్లేదు. ఇది తిన్నగా వచ్చింది, మూల నుంచి వచ్చింది. అద్దాల షాపులో మూడు సన్నని గాజుముక్కలు కోయించుకొచ్చి, వంటింట్లో ఒకటి, మెట్ల దగ్గర ఒకటి, డాబా మీద పిట్టగోడకి ఒకటి, పగులుకి అడ్డంగా రెండు చివరలా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి తారీఖు రాశాను. గోడ కదిలితే గాజు పగులుతుంది. ఇంతకంటే చవకైన పరికరం ఇంకోటి లేదు.

మెట్ల దగ్గరది పద్దెనిమిదో రోజున పగిలింది.

సైట్ ఆఫీసుకి ఫోటోలతో వెళ్తే మర్యాదగానే కూర్చోబెట్టారు. "పిల్లలు బాల్ ఆడి ఉంటారు సార్" అన్నారు. రెండో రోజు ఒక పెయింటర్‌ని పంపించారు, పగులుకి లప్పం పెట్టడానికి. మా అసోసియేషన్ సెక్రటరీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారు. అది ఇంకా నడుస్తోంది కాబట్టి దాని గురించి ఇంతకంటే రాయను.

పోయిన వారం వాళ్లు రాఫ్ట్ పోశారు. మొత్తం టవర్ బరువు మోసే అడుగు శ్లాబు అది, మనిషెత్తు మందం. ఒకసారి మొదలుపెట్టాక ఆపకూడదు. కింది పొర గట్టిపడ్డాక పైన కొత్త కాంక్రీటు పోస్తే రెండూ అతకవు. రాత్రి తొమ్మిదికి మొదలైంది. రెడీమిక్స్ బండ్లు వంద అడుగుల రోడ్డు చివరి దాకా, డ్రమ్ములు తిప్పుకుంటూ బారులు తీరాయి. పదకొండింటికి అమ్మ నిద్రపోయాక నేను చెప్పులేసుకుని అటు వెళ్లాను. గొడవ పెట్టుకోవడానికని నాకు నేను చెప్పుకున్నాను, నిజానికి చూడటానికి.

ఫ్లడ్‌లైట్ల కింద ఇనుప కడ్డీల చాప, పైన వంగిన మూడు బూమ్ పంపులు. కింద కాంక్రీటుని కుదించే వైబ్రేటర్లు పట్టుకుని మోకాలి బూట్లతో కుర్రాళ్లు, ఒడియాలోనో బెంగాలీలోనో అరుచుకుంటున్నారు. దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కట్టినా మట్టి పనికి మన పాలమూరువాళ్లు వెళ్లేవాళ్లని పేరు. నేను పనిలో చేరినప్పుడు హైదరాబాదు సైట్లలో సెంట్రింగ్ దగ్గరా, కాంక్రీటు దగ్గరా వాళ్లే. ఇప్పుడు పాలమూరు మాట వినపడటం అరుదు. మరీ వేడెక్కకుండా కాంక్రీటులో ఐసు కలుపుతున్నారు. ప్రతి బండి దగ్గరా ఒక కుర్ర ఇంజనీరు ఇనుప రేకు మీద స్లంప్ కోన్ అనే గరాటు పెట్టి, కాంక్రీటు నింపి, కడ్డీతో కూరి, మెల్లిగా పైకి లాగి, ఎంత కూలిందో స్కేలుతో కొలుస్తున్నాడు. ఒక బండిని వెనక్కి పంపించేశాడు. నీళ్లు ఎక్కువయ్యాయట. డ్రైవరు బతిమాలాడు, ఎవరికో ఫోన్ చేయించాడు. ఈ కుర్రాడు ఫోన్ తీసుకుని, "వద్దండి" అని తిరిగిచ్చేశాడు. ఆ ఒక్క బండి కోసం నేను మరో గంట నిలబడ్డాను. పని అలా జరుగుతుంటే చూడటం బాగుంటుంది. నా గోడ పగిలిన సంగతి ఆ గంటసేపు గుర్తులేదు, ఎందుకు అబద్ధం చెప్పాలి.

టీ తాగుతూ అడిగితే వాళ్లది పలాస దగ్గరన్నాడు. "గాజుముక్కలు అంటించింది మీరే కదండి?" అన్నాడు. సైట్‌లో అందరికీ తెలుసట. "ఒకసారి చూడొచ్చాండి?"

మూడు రోజుల తర్వాత మధ్యాహ్నం హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చాడు. మెట్ల దగ్గర పగిలిన గాజు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసుకున్నాడు. బాల్ మాట ఎత్తలేదు. వంటింట్లో గాజు ఇంకా పగల్లేదు, దాని మీద తారీఖు నోట్ చేసుకున్నాడు. "రిపోర్టులో రాస్తానండి. పైవాళ్లు ఏం చేస్తారో నేను చెప్పలేను" అన్నాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది.

"ఆ గొయ్యి ఎప్పుడు పూడుస్తారు నాయనా?"

"సెల్లార్ గోడలు పైకి రావాలమ్మా. అప్పుడు గోడకీ రాతికీ మధ్య మట్టి నింపుతాం. మూడు నాలుగు నెలలు."

"అందాకా ఈ గోడ ఉంటుందా?"

కుర్రాడు గోడ వంక చూశాడు, నా వంక చూశాడు. "ఉంటుందమ్మా" అన్నాడు.

సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి స్టవ్ ఇటువైపు గట్టు మీదికి మారిపోయింది. గ్యాస్ ట్యూబు అందక సిలిండర్‌ని వంటింటి మధ్యలోకి లాగించింది అమ్మ. ఇప్పుడు ఫ్రిజ్ తలుపు సగమే తెరుచుకుంటోంది.