జేహెచ్‌టీ: పేపర్ 2లో పోయింది, పేపర్ 2తోనే వచ్చింది

ఫైనల్ లిస్టులో నా రోల్ నంబర్ కనబడి మూడు రోజులైంది, ఇప్పటికీ ఆ పీడీఎఫ్ తెరిచి చూసుకుంటూనే ఉన్నాను. కేంద్ర ఉద్యోగాలకు స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) పెట్టే హిందీ ట్రాన్స్‌లేటర్స్ పరీక్ష, అందులో జూనియర్ హిందీ ట్రాన్స్‌లేటర్ (జేహెచ్‌టీ) పోస్టు, నాకిది రెండో ప్రయత్నం. పేపర్ 1 గురించి పెద్దగా చెప్పను, 200 ప్రశ్నలు, రెండు గంటలు, పావు మార్కు నెగెటివ్, పాత పేపర్లు చేస్తే గట్టెక్కుతారు.

మొదటిసారి నేను తప్పింది అనువాదం రాయాల్సిన పేపర్ 2లో. ఎం.ఏ. హిందీ చేశాను కదా, అనువాదానికి మళ్లీ ప్రిపరేషన్ ఎందుకులే అనుకున్నాను. హాల్లో ‘సమితి నే రిపోర్ట్ ప్రస్తుత్ కియా’ అని రాసేశాను. ‘నే’ వస్తే క్రియ కర్మను బట్టి మారుతుంది, రిపోర్ట్ స్త్రీలింగం, ‘కీ’ రావాలి. నేనే పిల్లలకు చెప్పే రూల్ అది! ఇంకోచోట అవసరం అనే అర్థంలో ‘అవసర్’ అని పడింది, హిందీలో అది అవకాశం. టైమ్ తరుముతుంటే చేతికి తెలుగే వస్తుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండోసారి కొత్త పుస్తకమేదీ కొనలేదు. అధికార భాషల చట్టం 1963, సెక్షన్ 3(3) ప్రకారం కేంద్రం సాధారణ ఆదేశాలు, నోటిఫికేషన్లు హిందీ, ఇంగ్లిష్ రెండింట్లోనూ ఇవ్వాలి. అంతకన్నా మంచి మెటీరియల్ ఏముంటుంది? రోజుకో ఉత్తర్వు, హిందీ వైపు మూసేసి, టైమర్ పెట్టుకుని, పెన్నుతో రాసి, అప్పుడు పోల్చేదాన్ని. ‘అండర్‌సైన్డ్ ఈజ్ డైరెక్టెడ్’ (కింద సంతకం చేసినవారికి ఆదేశమైంది) అంటే ‘అధోహస్తాక్షరీ కో నిదేశ్ హువా హై’ అని ఆలోచించకుండా చేతికి రావాలి. తప్పిన ప్రతి నామవాచకం లింగంతో సహా నోట్‌బుక్‌లోకి ఎక్కింది. స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ రోజుకు రెండు గంటలే చదివాను, కానీ పండగరోజు కూడా మానలేదు. పది గంటలు చదివామనే వాళ్ల మాట విని బెంగపడకండి, మానకుండా కూర్చోవడమే కష్టం, అది చేయండి.

హిందీ చదివితే టీచర్ ఉద్యోగం తప్ప ఏముందని నన్ను చాలామంది అన్నారు. ఈ ఉద్యోగం కేంద్ర జీతాల శ్రేణిలో లెవెల్ 6, బేసిక్ నెలకు 35,400 రూపాయలు, సీనియర్ ట్రాన్స్‌లేటర్ అయితే లెవెల్ 7. బ్యాంకుల్లో హిందీ వాడకం చూసే రాజభాషా అధికారి పోస్టులు, బ్యాంకు నియామక పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ ద్వారా వస్తాయి. పార్లమెంటుకు అనువాదకులూ ఇంటర్‌ప్రెటర్లూ కావాలి, కాకపోతే ఇంటర్‌ప్రెటింగ్‌కి వింటూనే మాట్లాడే సాధన వేరే చేయాలి.

ఒక్క జాగ్రత్త: ఈ పోస్టుకి అనువాదంలో డిప్లొమా లేదా సర్టిఫికెట్, లేకపోతే ప్రభుత్వ ఆఫీసులో రెండేళ్ల అనువాద అనుభవం, నోటిఫికేషన్‌లో ఇచ్చిన కటాఫ్ తేదీలోపే ఉండాలి. నాతో రాసిన అమ్మాయికి నాకన్నా ఎక్కువ మార్కులొచ్చాయి, వెరిఫికేషన్‌లో సర్టిఫికెట్ తేదీ దగ్గర ఆగిపోయింది. మళ్లీ రాస్తోంది, నా నోట్‌బుక్ ఇప్పుడు తన దగ్గరే ఉంది.